కోలారు సీమలోని పోరుకత్తులు: వాని సేకరణ, సంరక్షణము

కోలారు సీమ పేరు చెప్పగానే లోకులకు బంగారము తలపునకు వచ్చును. గనుల చరిత్రను గూర్చి గ్రంథములును వ్యాసములును పెక్కు వెలువడినవి. కాని ఈ మన్ను బంగారమునకు ముందే ఇనుమునకును, ఇనుముతో చేసిన ఆయుధములకును పేరొందినది. గంగులు, నొళంబులు, బాణులు, చోళులు, విజయనగరమునకు లోబడిన పాళెగాండ్రు, బిజాపురము వారు, మరాఠాలు, హైదరు, ఇంగ్లీషువారు ఒకరి వెనుక ఒకరు ఈ ఎత్తునేలపై నడచిపోయిరి. వారి కోటలు కొన్ని నిలిచియున్నవి, శాసనములు చదువబడినవి. వారి చేతనున్న కత్తులేమైనవి? వానిలో పెద్ద ఖడ్గముల మాట అటుండనిమ్ము. మొలలో దోపుకొని, చేయి చేయి కలిసిన పోరులో దూయు పొట్టికత్తులు ఏమైనవి? మిగిలినవానిని ఎట్లు కూర్చుకొనవలెను, ఎట్లు దాచుకొనవలెను? ఈ ప్రశ్నలను గూర్చి నాకు తెలిసినంత మేరకు ఈ వ్యాసమున విన్నవింతును.

వ్యాసముయొక్క సారమును ముందుగనే చెప్పుట మేలు. కత్తికి రెండు ప్రాణములు. ఒకటి దాని ఉక్కు. రెండవది దాని వృత్తాంతము. అది ఎవరిది, ఏ ఊరిది, ఏ పోరులో వాడినది, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది అనునదే వృత్తాంతము. ఉక్కును తుప్పు తినును. వృత్తాంతమును మరపు తినును. మన సీమలో తుప్పుకంటె మరపే ఎక్కువ నష్టము చేసినదని నా అభిప్రాయము.

పేర్లు

తెలుగు ఉపాధ్యాయుడనగుటచేత మొదట మాటలకడకే పోవుట నాకు సహజము. పొట్టి పోరుకత్తులకు మన భాషలో పేర్లకు కొదువలేదు. బాకు, పిడిబాకు, చురకత్తి, సురియ, కటారి, జమదాడి, కైజారు అనునవి వానిలో కొన్ని. ఇవి పర్యాయపదములవలె కానవచ్చినను, ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క దారి కలదు. సురియ అనునది సంస్కృతపు ఛురికకు చుట్టము. కన్నడమున సురగి అనియు, తమిళమున సురిగై అనియు ఇదే మాట వినబడును. కైజారు అనునది ఖంజరు అను అరబ్బీ మాటకు మన నోట కలిగిన రూపము. తురుష్క సైన్యములతో వచ్చినది. జమదాడి అనగా యముని కోర అని పెద్దలు చెప్పుదురు. ఉత్తరదేశమున జమ్‌ధర్ అను పేరుతో వాడుకలోనున్నది. మూడు భాషలు కలిసి కాపురము చేయు కోలారు వంటి సీమలో, ఒక ఇంటివారు కటారి యన్నదానిని ప్రక్కింటివారు బాకు అనుట వింత కాదు.

పేరులోని పొరపాటు ఎంత దూరము పోవునో చూపుటకు ఒక ఉదాహరణము చాలును. ఆంగ్ల అక్షరము హెచ్‌వలె రెండు నిలువు పట్టెల నడుమ అడ్డపిడి గలిగి, పిడికిట పట్టుకొని ముందునకు గ్రుద్దుటకు వీలైన ముక్కోణపు కత్తిని నేడు ప్రపంచమందలి మ్యూజియములన్నియు కటార్ అని పిలుచుచున్నవి. అక్బరు కాలమున అబుల్ ఫజలు కూర్చిన ఐన్-ఇ-అక్బరీ చిత్రములలో ఈ ఆకారమునకు జమ్‌ధర్ అనియే పేరు కలదు. కటార్ అను పేరు మరియొక తీరు కత్తికి చెల్లినది. 1880లో ఎగర్టను ప్రభువు హిందూదేశపు ఆయుధముల పట్టికను ముద్రించినప్పుడు ఈ పేర్లు తారుమారైనవి. అతని పుస్తకమునే ప్రమాణముగా గొని సేకరించువారందరు అదే పేరును వాడిరి. పట్టికలో దొర్లిన ఒక్క తప్పు నూరేండ్లకు పైగా నిలిచినది. వ్రాసి యుంచిన మాటకు ఎంత బలమో దీనివలన తెలియును. ఆ బలమును మంచికి వినియోగించుకొనుట మన చేతిలోనున్నది.

రాతిలోని కత్తులు

కోలారు సీమలో అతిప్రాచీనములైన పోరుకత్తులను చూడగోరువారు పెట్టెలు తెరువ నక్కరలేదు. ఊరిబయట నిలిచిన వీరగల్లులను చూచిన చాలును. పోరులో పడిన వీరునికై నాటిన రాతిపలకయే వీరగల్లు. ఇందు సామాన్యముగా మూడంతస్తులు ఉండును. క్రింద పోరు, నడుమ అప్సరసలు వీరుని కొనిపోవుట, పైన అతడు దేవుని సన్నిధి నుండుట చెక్కుదురు. క్రిందియంతస్తులో వీరుని చేతి కత్తి, నడుమునకు బిగించిన పొట్టికత్తి, డాలు, విల్లు స్పష్టముగా కానవచ్చును. శిల్పి తన కన్నులయెదుట తిరుగు ఆయుధమునే చెక్కెను గావున, ఈ పలకలు ఆనాటి ఆయుధములకు చిత్రపటములు.

ఈ శిలలపై వ్రాతలను బి. ఎల్. రైసు దొరగారు సేకరించి, ఎపిగ్రాఫియా కర్నాటికా పదియవ సంపుటముగా 1905లో ప్రకటించిరి. ఆ సంపుటము కోలారు జిల్లాకే అంకితము. అందు కన్నడ, తమిళ, తెలుగు శాసనములు కలసియున్నవి. వీరగల్లు మీది వ్రాతలో సామాన్యముగా నాలుగు సంగతులు ఉండును: ఏ రాజు ఏలుబడి, ఏ పోరు లేక ఏ పసులదోపిడి, పడిన వీరుని పేరు, అతని వారికిచ్చిన మాన్యము. 9వ శతాబ్ది చివర జరిగిన సోరెమతి యుద్ధమును పేర్కొను వీరగల్లులు కన్నడ తెలుగు సీమల పొలిమేరలలో పలుచోట్ల దొరకినవి. రేనాటి తెలుగు ప్రభువులైన వైదుంబులు అందు ఒక పక్షము. మన పొలిమేర అప్పుడును రెండు భాషలవారి కత్తులకు కూడలియే. అదే కాలమునకు చెందిన బేగూరు వీరగల్లు నేటి బెంగుళూరు నగరమున దొరకినది. గంగుల పక్షమున నొళంబులతో పోరి పడిన నాగత్తరుని కథ అందున్నది. దానిని బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియమునకు చేర్చిరి. ఏనుగులు, గుఱ్ఱములు, విలుకాండ్రు, కత్తివాటు వేయువారు క్రిక్కిరిసిన ఆ శిల్పము ఆయుధచరిత్ర చదువువారికి ఒక పాఠ్యపుస్తకము.

గంగుల నాటి కన్నడ శాసనములలో వీరుని వంశమునకిచ్చు మాన్యమునకు బాళ్గళ్చు అను పేరు కానవచ్చును. బాళ్ అనగా కత్తి. కళ్చు అనగా కడుగుట. కత్తిని కడిగి ఇచ్చిన మాన్యమని భావము. పోరు ముగిసిన పిదప కత్తిని కడుగుట, దాని వెంటనే వీరుని పేరును రాతిపై వ్రాయుట ఒకే కర్మములో రెండు భాగములై యుండెను. ఉక్కును శుభ్రపరచుట, వృత్తాంతమును నమోదు చేయుట అను రెండు పనులను మన పూర్వులు వేయేండ్ల క్రిందటనే జోడించిరి. నేటి సేకరణశాస్త్రము చెప్పునదియు ఇంతకంటె వేరు కాదు.

ఇంతటి శిలలు కొన్ని యూళ్లలో బట్టలుతుకు బండలైనవి, కాలువలపై అడ్డుపలకలైనవి. రాతికే ఈ గతి పట్టినచో ఇనుము మాట చెప్పనేల?

ఇంటింట కత్తియున్న కాలము

విజయనగర కాలము మొదలు హైదరు కాలమువరకు ఈ సీమలో సేద్యగాడును సైనికుడును పెక్కుచోట్ల ఒక్కడే. సుగటూరు ప్రభువులు కోలారును, తక్కిన పాళెగాండ్రు గుడిబండ, చిక్కబళ్లాపురము, తూర్పున పుంగనూరు ప్రాంతములను ఏలినప్పుడు కట్టుబడి బంట్లకు మాన్యములిచ్చి సైన్యమును నిలిపిరి. మైసూరు రాజ్యమున ఇట్టి గ్రామసేనకు కందాచారమని పేరు. కందాచారపు బంటు పిలుపు వచ్చినప్పుడు ఆయుధము ధరించి పోవును; లేనప్పుడు మడక దున్నును. అందువలన ఆయుధములు రాజుగారి ఆయుధశాలలోనేగాక రైతుల యిండ్లలోను ఉండెను. అవి తాత తండ్రులనుండి సంక్రమించిన సొత్తు.

హైదరు అలీ సుమారు 1720లో ఈ జిల్లాలోని బూదికోటలో జన్మించెను. అతని తండ్రి ఫతే మహమ్మదు సమాధి కోలారు పట్టణముననే యున్నది. 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరు దగ్గర హైదరు మరణించినప్పుడు అతని దేహమును మొదట కోలారునందే ఉంచి, పిదప శ్రీరంగపట్టణమునకు కొనిపోయిరి. మొదటి మైసూరు యుద్ధమున, 1768 అక్టోబరు 4వ తేదీన, ముళబాగిలు దగ్గర హైదరు సేనలకును కర్నలు వుడ్డు నడపిన ఇంగ్లీషు సేనకును ఘోరమైన పోరు జరిగెను. ఆ నేల గుండ్లమయము. ఇంగ్లీషువారు ఓటమి అంచున నుండగా కెప్టెను బ్రూకు అను నతడు రెండు ఫిరంగులతో ఒక గుట్టపైకి చేరి, కర్నలు స్మిత్తు సేన సాయము వచ్చినట్లు భ్రమ కలుగునట్లు స్మిత్తు, స్మిత్తు అని కేకలు వేయించి పోరు మలుపు త్రిప్పెనని చరిత్రకారులు వ్రాసిరి. అట్టి గుండ్లనడుమ తుపాకి మరల నింపుకొను వ్యవధి చిక్కదు. పొడవైన కత్తి త్రిప్పుటకు తావు చాలదు. చివరకు మొలలోని పొట్టికత్తియే గతి. ఈ సీమలో కటారికి ఉన్న గౌరవము ఈ నేల తీరునుండి పుట్టినదనుట తప్పుగాదు.

హైదరు టిప్పుల ఆయుధములకు రెండు గుర్తులు ప్రసిద్ధములు. ఒకటి బబ్రీ అనబడు పులిచారల అలంకారము. రెండవది హైదరు పేరులోని మొదటి అరబ్బీ అక్షరము. 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్టణము పడినప్పుడు ఇట్టి గుర్తులు గల ఆయుధములు పెక్కు ఇంగ్లండు చేరినవి. టిప్పు శయనమందిరమున దొరకినదని చెప్పబడి, బెయిర్డు సేనానికి బహూకరింపబడిన కత్తి 2023 మే నెలలో లండనులోని బొన్‌హామ్సు వారి వేలమున సుమారు 1 కోటి 40 లక్షల పౌండ్లకు పోయినది. ఆ వెలలో ఉక్కు వెల ఎంత, పిడిమీది బంగారము వెల ఎంత, వృత్తాంతపు వెల ఎంత అని లెక్కించినచో మూడవదానికే అగ్రస్థానము దక్కును. ఎవరి చేత నుండి ఎవరికి వచ్చెనో వరుసగా వ్రాతయుండుటచేతనే దానికంత విలువ. అదే కాలమున బూదికోట బంటు మొలలో నున్న కటారికి పేరు లేదు, గుర్తు లేదు, వ్రాత లేదు. అది పాతయినుము క్రింద పోయినది.

ఉక్కు ఏమైనది?

మన ఉక్కుకు ప్రపంచమంతట కీర్తియుండెను. వూట్జు అను ఆంగ్లపదము ఉక్కు అను మన మాటనుండి పుట్టినదే యని పండితులు తలంతురు. 1795లో జార్జి పియర్సను లండను రాయల్ సొసైటీ యెదుట ఈ ఉక్కును గూర్చి వ్యాసము చదివెను. 1800-01లో మైసూరు రాజ్యమును చుట్టివచ్చిన ఫ్రాన్సిసు బుకానను మట్టిమూసలలో ఇనుము నుంచి ఉక్కు తీయు విధమును కన్నులార చూచి వ్రాసెను. తెలంగాణమున కోనసముద్రపు ఉక్కు పారసీక వర్తకులను ఆకర్షించినది. ఇట్టి ఉక్కుతో చేసిన అలుగుపై నీటియలలవంటి చారలు తేలియాడును. ఆ చారలే దానికి జన్మపత్రిక.

ఇంత సంపద తరిగిపోవుటకు కారణములు మూడు. మొదటిది ప్రభుత్వము. తంజావూరు సంస్థానము 1855లో వారసులు లేక ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించిన పిదప, 1863 ప్రాంతమున అచ్చటి ఆయుధశాలను విప్పిరి. ఎంపిక చేసిన కొన్నిటిని మద్రాసు మ్యూజియమునకు పంపి, మిగిలినవానిని విరిచి పాతలోహము క్రింద అమ్మివేసిరి. ఎమ్. జె. వాల్‌హౌసు అను అధికారి 1878లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికయందు ఈ సంగతి వ్రాసెను. నేడు ఎగ్మూరు మ్యూజియమున చూచి మనము అబ్బురపడు తంజావూరు కటారులు, నాగుపడగవంటి చేతికప్పు గల గొప్ప పనితనపు వస్తువులు, ఆ ఆయుధశాలనుండి ఎన్నిక చేసి నిలిపినవే. రెండవ కారణము చట్టము. 1857 తిరుగుబాటు తరువాతి నిషేధములును, 1878 నాటి ఆయుధముల చట్టమును జనుల మనసులలో ఆయుధమనిన భయము కలిగించినవి. భయపడినవాడు దాచిన వస్తువును గూర్చి కొడుకునకైన చెప్పడు. చెప్పనిది మరపున పడును. మూడవది కొలిమి. మంచి ఉక్కు ముక్కను కమ్మరి వదలడు. కత్తి విరిగిన కొడవలి యగును, కొడవలి అరిగిన ములుకోల మొన యగును. ఇందు కమ్మరిని నిందింపరాదు. కరవు సీమలో వరికోతకు పనికివచ్చు ఇనుము గోడకు వ్రేలాడు ఇనుముకంటె పుణ్యవంతము.

గనులు, సైనికులు

బంగారు గనుల చరిత్రలోను సైనికుల అడుగుజాడలే మొదట కనబడును. 1802లో మైసూరు పొలిమేరల కొలత పనిమీద వచ్చి, ఊరిగాము, మారికుప్పము గ్రామస్థులు మన్ను కడిగి బంగారు రవ్వలు తీయుట చూచిన లెఫ్టినెంటు జాన్ వారెను 33వ పటాలమువాడు. 1871లో ఎడ్లబండిపై కోలారు చేరిన మైఖేలు లవెల్లి న్యూజిలండు మావోరీ యుద్ధములలో పనిచేసి వచ్చిన సైనికుడు. అతనికి 1875లో గనులు త్రవ్వుకొను హక్కు లభించెను. 1880లో జాన్ టేలరు అండు సన్సు వారు ప్రవేశించిన పిదప చాంపియన్ రీఫు, మైసూరు, ఊరిగాము, నందిదుర్గము గనులు లోకప్రసిద్ధములైనవి. 1902లో శివనసముద్రము నుండి విద్యుత్తు వచ్చినది.

20వ శతాబ్ది ఆరంభమున గనుల దొరలును ఆంగ్లో ఇండియనులును కలిసి వాలంటీరు రైఫిలు దళముగా ఏర్పడిరి. 1920 చట్టముతో అది ఆగ్జిలరీ ఫోర్సులో భాగమై, 1947తో ముగిసెను. ఆ కాలపు బ్రిటిషు ఇండియా సేనల తుపాకి లీ ఎన్‌ఫీల్డు. దాని మొనకు తగిలించు బాయినెట్టు 1907 నమూనా. దాని అలుగు పొడవు 17 అంగుళములు. జపానువారి బాయినెట్టును చూచి దీనిని రూపొందించిరి. మొదట పిడికడ వంకీయడ్డు ఉండెను. 1913లో దానిని తీసివేసిరి. రెండవ ప్రపంచయుద్ధమున బర్మా అడవులలో అంత పొడవు అడ్డమగుటచేత ఈ దేశపు కర్మాగారములలో అలుగును 12 అంగుళములకు తగ్గించిరి. కావున ఒక బాయినెట్టును చేతికి తీసుకొని, పొడవు కొలిచి, వంకీయడ్డు చూచి, అలుగు మొదట కొట్టిన ముద్రలు చదివినచో అది ఏ దశాబ్దిదో చెప్పవచ్చును. వృత్తాంతమును తన మేనిపైననే వ్రాసికొన్న కత్తి యిది.

ఆ యుద్ధముననే పోరుకత్తి అను మాటకు క్రొత్త ప్రాబల్యము వచ్చినది. షాంగై నగరపు పోలీసులో పనిచేసిన ఫెయిర్‌బెయిర్ను, సైక్సు అను ఇద్దరు రూపొందించిన రెండంచుల బాకును విల్కిన్సను సంస్థ 1941లో చేయసాగెను. గూర్ఖాల కుక్రీ అప్పటికే ప్రసిద్ధము. యుద్ధానంతరము విదేశములలో ఇట్టి కత్తులను కూర్చుట ఒక విద్యయైనది. దాని వెంబడి నకిలీలును పెరిగినవి. ఆమ్లములో ముంచి పాతదనము తెచ్చుట, లేని ముద్రను కొట్టుట, ఒకదాని పిడి మరియొకదానికి తగిలించుట మోసగాండ్రకు పరిపాటి. నకిలీని పట్టుటకు మొదటి సాధనము భూతద్దము. అంతకంటె గట్టిది వ్రాతమూలకమైన వృత్తాంతము.

బెంగుళూరులోని మద్రాసు సాపర్ల పటాలమునందు, మద్రాసు రెజిమెంటునందు మన దక్షిణాది యువకులు పెక్కుమంది పనిచేసిరి. చిత్తూరు సీమనుండి గనులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములకు సైన్యపు కొలువు క్రొత్త గాదు. ఇట్టి కుటుంబములలో పెద్దల పెట్టె అడుగున పతకముల ప్రక్క ఒక కత్తియుండుటయు వింత గాదు. గనులు 1972లో భారత్ గోల్డ్ మైన్సు సంస్థ క్రిందికి వచ్చి, 2001 ఫిబ్రవరి ఆఖరున మూతపడినవి. అటుపిమ్మట యువకులు రైలెక్కి బెంగుళూరు పనులకు పోసాగిరి. పెక్కు కుటుంబములు ఊరు విడిచిపోయినవి. ఇల్లు ఖాళీ చేయునాడు బరువైన పాతవస్తువులు తూకమునకు పోవుట లోకసహజము. కిలో లెక్కన పోయిన కత్తికి పేరు అడుగువాడు లేడు. మన తరమున జాగ్రత్త పడవలసిన సమయమిదే.

మన వాడుకలు: మేలును కీడును

ఆయుధములను దాచుట మన తెలుగువారికి తెలియని విద్య గాదు. పల్నాటిసీమలోని కారెంపూడిలో, 12వ శతాబ్దపు పోరున పడిన వీరుల పేర నేటికిని కార్తీకమాసాంతమున ఉత్సవము జరుగును. వీరుల కొణతములను వీరాచారవంతులు భక్తితో తెచ్చి పూజింతురు. ఆయుధము, దానికి సంబంధించిన వీరుని పేరు, అతని కథ పాడు గాయకుడు అను మూడును ఒక్కచోట కలియుట అచ్చటి విశేషము. ఎనిమిది వందల యేండ్లుగా వృత్తాంతము చెడకుండుటకు ఇదియే హేతువు.

మన కోలారు సీమలో మహానవమినాడు ఆయుధపూజ చేయుట అందరెరిగినదే. ఏడాదికొకమారు కత్తిని వెలికి తీసి చూచుట మంచి వాడుక. అయినను పూజ ముగిసిన పిదప పసుపు కుంకుమలను, నిమ్మపండు రసమును అలుగుపై అట్లే వదలి మరల ఒరలో పెట్టుట హానికరము. నిమ్మరసములోని ఆమ్లము ఉక్కును కొరుకును. తడిసిన కుంకుమ తేమను పట్టియుంచును. పూజానంతరము మెత్తని పొడిబట్టతో తుడిచి, పలుచగా నూనె రాసినచో ఆచారమునకు లోపము రాదు, కత్తికి హాని రాదు. ఇటుకపొడితోను, చింతపండుతోను, గరుకు కాగితముతోను తళతళ మెరయునట్లు తోముట అంతకంటె పెద్ద అపకారము. ఇత్తడి చెంబునకు తగిన మర్యాద పాత ఉక్కునకు తగదు. ఒక్క తోముడుతో నీటియల చారలు, చేసినవాని ముద్ర, నగిషీ సమస్తము అరిగిపోవును.

దాచు పద్ధతి

ఇనుమునకు గాలి, తేమ, ఉప్పు మూడును కలిసినప్పుడు తుప్పు పుట్టును. చేతి చెమటలో ఉప్పు కలదు. కావున ఒట్టిచేతితో అలుగును తాకరాదు. నూలు చేతితొడుగు గాని, శుభ్రమైన బట్ట గాని వాడవలెను. తాకినచోట తుడిచివేయవలెను. మన జిల్లా ఎత్తునేల. ఏడాదిలో ఎక్కువకాలము గాలి పొడిగానుండును. కాని సెప్టెంబరు మొదలు నవంబరు వరకు వానలలో గోడలు చెమర్చును. ఆ నెలలకు ముందొకమారు, తరువాత నొకమారు కత్తులను తీసి చూచుట నియమముగా పెట్టుకొనవలెను. గనుల దాపున నివసించువారు మరియొక జాగ్రత్త పడవలెను. సయనైడు దిబ్బల సన్నని దుమ్ము గాలికి లేచి ప్రతి సందునను దూరును. దుమ్ము పేరుకొన్నచోట తేమ నిలుచును. కావున మూత బిగువుగానున్న పెట్టె అవసరము.

తోలు ఒరలో కత్తిని నిలువ చేయుట తరచుగా జరుగు అపరాధము. తోలును పదునుచేయుటకు వాడిన ద్రవ్యములు ఉక్కునకు శత్రువులు. తోలు తేమను పీల్చుకొనును కూడ. ఒరను కత్తిని వేరువేరుగా ఉంచి, రెండింటికి ఒకే సంఖ్య గల చీటి కట్టవలెను. ఒరను పారవేయరాదు, దానిపై సైనికుని సంఖ్యయో, పటాలపు ముద్రయో యుండవచ్చును. క్రొత్త కర్రపెట్టెలు, ప్లైవుడ్డు ఆమ్లపు ఆవిరులను వదలును. వార్తాపత్రికలో చుట్టుటయు అట్టిదే. ఆ కాగితము పసుపు పచ్చబడుటయే ఆమ్లమునకు గుర్తు. ఉతికి గంజి పోగొట్టిన తెల్లని నూలుబట్ట పరచి, రంగువేసిన రేకుపెట్టెలో ఉంచుట మన యిండ్లకు సులభమైన మార్గము. పెట్టెలో సిలికా జెల్ పొట్లములు వేసి, రంగు మారినప్పుడు వేడిచేసి మరల వాడుకొనవచ్చును.

పూతకు కుట్టుమిషను నూనె వంటి పలుచని ఖనిజతైలము మేలు. కొబ్బరినూనె, నువ్వులనూనె నాళ్లు గడచినకొలది చెడి, జిగటపడి, దుమ్మును పట్టును. ఇత్తడి పిడిని పచ్చబరచును. మ్యూజియములలో సూక్ష్మస్ఫటిక మైనమును పలుచగా రాతురు. అది చేతికి అంటదు, ఏండ్లు నిలుచును. నూనె గాని మైనము గాని దంతపు పిడిని, కర్రపిడిని తాకకుండ అలుగునకే రాయవలెను. ఎఱ్ఱని పొడితుప్పు బ్రదికియున్న రోగము. నల్లని నునుపుపొర మానిన గాయము. ఎఱ్ఱతుప్పుపై నూనె చుక్క వేసి, నాని మెత్తబడిన పిదప వెదురు పుల్లతో మెల్లగా గీకి తీయవలెను. నల్లని పొర జోలికి పోరాదు. మొనకు బెండు గ్రుచ్చి, పెట్టెకు తాళము వేయుట మరువరాదు. పిల్లలున్న యింట ఇది మొదటి నియమము.

వ్రాత, చట్టము

ప్రతి కత్తికి ఒక పుట కేటాయించి ఈ క్రింది సంగతులు వ్రాసికొనవలెను: మొత్తము పొడవు, అలుగు పొడవు, వెడల్పు, బరువు, అంచు ఒకటియా రెండా, పిడి దేనితో చేసినది, ముద్రలు, అక్షరములు ఉన్నవి ఉన్నట్లుగా, ఇంటివారు దానిని ఏ పేరుతో పిలుతురో ఆ పేరు, ఏ భాషలో పిలుతురో ఆ భాష, ఏ ఊరు, ఎవరు చెప్పిరి, ఏనాడు చెప్పిరి. కొలబద్దతో కూడ ఛాయాచిత్రము తీయవలెను. చెప్పినవారి మాటను వారి మాటగానే వ్రాయవలెను. హైదరు ఇచ్చినదని ఒకరు చెప్పినచో, అట్లు చెప్పిరని వ్రాయవలెనే కాని, హైదరు ఇచ్చెనని వ్రాయరాదు. ఎగర్టను పట్టిక కథ మనకు హెచ్చరిక.

చట్టమును గూర్చి భయపడుటకంటె తెలిసికొనుట మేలు. 1959 నాటి ఆయుధముల చట్టమును, 2016 నాటి నియమములను అనుసరించి బాకులు, బాయినెట్లు, ఇంటిపనికి సేద్యమునకు సంబంధింపక 9 అంగుళములకు మించిన పొడవు గాని 2 అంగుళములకు మించిన వెడల్పు గాని గల కత్తులు ఆయుధముల లెక్కలోనికే వచ్చును. 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన కళావస్తువులు, చారిత్రక వస్తువులు పురావస్తువులు. వానిని సొంతముగా విదేశములకు పంపుట నేరము. కావున ఇట్టి వస్తువు కలవారు స్థానికాధికారులను, రాష్ట్ర పురావస్తుశాఖను సంప్రదించి నిశ్చింతగా నుండుట ఉత్తమము. భూమిలో దొరకినదానిని దాచుట ఎన్నడును తగదు.

ముగింపు

ఆయుధమును ప్రేమించుట హింసను ప్రేమించుట యగునా యని కొందరడుగవచ్చును. వీరగల్లు నిలిపినవారు పోరును కోరి నిలుపలేదు. ఊరి పసులకై ప్రాణమిచ్చినవానిని మరువరాదని నిలిపిరి. పాత కత్తిని దాచువాని ఉద్దేశమును అట్టిదే కావలెను. రాజుల కత్తులకు మ్యూజియములు కలవు. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియమునను, మైసూరు రాజభవనమునను వానిని చూడవచ్చును. పేరులేని బంటు కత్తికి, గనిలో పనిచేసిన సైనికుని బాయినెట్టుకు మనమే దిక్కు.

ఇందుకు పెద్ద భవనములు అక్కరలేదు. మన తెలుగు సంఘములు తాలూకాకు ఒక పట్టిక పుస్తకము తెరచినచో చాలును. వస్తువు ఎవరి యింట నున్నది వారి యింటనే యుండవచ్చును. వివరము మాత్రము పుస్తకమునకు ఎక్కవలెను. ఇంటివారి పేర్లు బయటపెట్ట నక్కరలేదు. చదువుకొను పిల్లలు తమ తాతలను అడిగి ఒక్కొక్క పుట వ్రాసి తెచ్చినచో, అది వారికి వ్యాసరచన యగును, ఊరికి చరిత్ర యగును. కటారి, సురియ, జమదాడి అను మాటలు నిఘంటువులోనుండి వారి నాలుకపైకి తిరిగి వచ్చును. బాళ్గళ్చు మాన్యము లిచ్చు ప్రభువులు నేడు లేరు. కత్తిని కడిగి, పేరు వ్రాసి నిలుపు బాధ్యత మాత్రము మనపై నిలిచియున్నది.